పుట్ ఆఫ్ అంటే వాయిదా ఒక్కటేనా?

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెబుతాను, మిగతా వాళ్లకూ అర్థమవుతుంది. లండన్ క్లయింట్‌తో కాల్‌లో ఉన్నారు. ఆవిడ "ఐ వజ్ అ బిట్ పుట్ ఆఫ్ బై ద టోన్ ఆఫ్ యువర్ మెయిల్" అన్నారు. పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం అని బళ్లో నేర్చుకున్నారు కాబట్టి, ఏదో వాయిదా పడిందనుకుని మీరు "నో ప్రాబ్లమ్, వి కెన్ డూ ఇట్ నెక్స్ట్ వీక్" అనేశారు. అటువైపు చప్పుడు లేదు. కాల్ అయ్యాక మీ లీడ్ చాట్‌లో "ఆవిడ ఫీలయింది, చూసుకో" అని పెట్టారు. ఇంతకీ ఆవిడ ఏమన్నట్టు, ఈ మాటకు ఇంకేం అర్థాలున్నాయి, "పుట్ ఆఫ్ ఇట్" అనాలా "పుట్ ఇట్ ఆఫ్" అనాలా, మీ తమ్ముడి అమెరికా అడ్మిషన్ మెయిల్లో ఈ మాట వాడొచ్చా అని అడిగారు.

ఆవిడ అన్నది ఇది: "నువ్వు మెయిల్ రాసిన తీరు నాకు కాస్త ఎబ్బెట్టుగా అనిపించింది." వాయిదాతో ఏ సంబంధమూ లేదు. "అ బిట్" ఉంది కదా, కాస్తే కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఇంగ్లండ్ వాళ్లు నచ్చని సంగతి చెప్పేటప్పుడు ఆ "అ బిట్" తగిలించి చెప్పడం మామూలే. ఎంత నొచ్చుకున్నా మాట మాత్రం మెత్తగానే వస్తుంది. ఆవిడ అంత మాట పైకి అన్నారంటే సంగతి మీకు తెలియాలనే అన్నారు.

మీరు ఆ మెయిల్లోని లైన్ కూడా పెట్టారు, మంచి పని చేశారు: "యాజ్ ఆల్రెడీ ఇన్‌ఫార్మ్‌డ్, ప్లీజ్ సెండ్ ద టెస్ట్ డేటా బై టుడే వితౌట్ ఫెయిల్." మన ఆఫీసుల్లో రోజుకు వంద మెయిళ్లు ఇలాగే తిరుగుతుంటాయి, ఎవరూ పట్టించుకోరు. ఆవిడ చెవికి మాత్రం ఇది వేరేలా వినిపిస్తుంది. "యాజ్ ఆల్రెడీ ఇన్‌ఫార్మ్‌డ్" అనగానే "ముందే చెప్పాను కదా, వినబడలేదా" అన్నట్టు ఉంటుంది. ఇక "వితౌట్ ఫెయిల్" అనేది మన "తప్పకుండా"కి అచ్చు గుద్దిన అనువాదం. తెలుగులో "పెళ్లికి తప్పకుండా రండి" అంటే ఆప్యాయత. ఇంగ్లిష్‌లో పని అడుగుతూ "వితౌట్ ఫెయిల్" అంటే పై అధికారి కింది వాడికి ఇచ్చే హుకుం. ముందు "ప్లీజ్" పెట్టినా ఆ ఘాటు పోదు. పైగా రాసింది క్లయింట్‌కి.

కాబట్టి మిగతాదంతా తర్వాత తీరిగ్గా చదువుకోండి, ముందు ఈ రెండు ముక్కలు ఆవిడకు ఇవాళే పంపండి: "సారీ ఇఫ్ మై మెయిల్ కేమ్ అక్రాస్ యాజ్ అబ్రప్ట్. దట్ వజ్ నాట్ మై ఇంటెన్షన్." నా మెయిల్ దురుసుగా అనిపించి ఉంటే క్షమించండి, నా ఉద్దేశం అది కాదు, అని. అంతకు మించి సంజాయిషీలు వద్దు. కాల్‌లో మాట అర్థం కాలేదని చెప్పాలనుకుంటే "ఐ మిస్‌అండర్‌స్టుడ్ యూ ఆన్ ద కాల్" అని ఒక్క ముక్క కలపండి, చాలు.

ఇక మాట సంగతి.

ఇంగ్లిష్ పాఠాలు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. పుట్ ఆఫ్ దగ్గర తడబడని బ్యాచ్ నాకింతవరకు తగల్లేదు. తప్పు పిల్లలది కాదు. మన గైడ్లన్నీ ఫ్రేజల్ వెర్బ్‌లని పట్టికలు వేసి, ఒక్కో దానికి ఎదురుగా ఒక్క అర్థం అచ్చేసి వదిలేస్తాయి. పుట్ ఆఫ్ ఈక్వల్ టు పోస్ట్‌పోన్. ఒక మార్కు. పరీక్షకు అది చాలు, కాల్‌లో కూర్చున్నప్పుడు చాలదు.

నేను క్లాసులో చెప్పేది ఒక్కటే ప్రశ్న. పక్కకు నెట్టింది దేన్ని, పనినా, మనిషినా? "పుట్" అంటే పెట్టడం, "ఆఫ్" అంటే ఉన్నచోటి నుంచి దూరంగా. నెట్టింది పనినో తేదీనో అయితే అది కాలంలో దూరం జరుగుతుంది, అదే వాయిదా. నెట్టింది మనిషిని అయితే రెండు సంగతులు. ఆ మనిషి దగ్గరికి రాకుండా ఏదో ఒకటి చెప్పి పంపించేయడం ఒకటి. ఆ మనిషి మనసు దేని మీద నుంచో తప్పుకునేలా చేయడం రెండోది. మీ క్లయింట్ వాక్యంలో నెట్టబడింది "ఐ", అంటే మనిషి. ఆ ఒక్కటి పట్టుకుని ఉంటే వాయిదా అనే ఆలోచనే వచ్చేది కాదు. ఇంగ్లిష్‌లో మ్యాచ్ పుట్ ఆఫ్ అవుతుంది, మీటింగ్ పుట్ ఆఫ్ అవుతుంది, పెళ్లి పుట్ ఆఫ్ అవుతుంది. మనిషి పుట్ ఆఫ్ అయితే చాలాసార్లు ఆ మనిషికి ఏదో నచ్చలేదనే అర్థం.

మొదటి అర్థం మీకు తెలిసిందే కాబట్టి దాని దగ్గర ఎక్కువసేపు ఆగను. కానీ ఒక చిక్కు ఉంది, పుట్ ఆఫ్‌కీ కాల్ ఆఫ్‌కీ మధ్య. పుట్ ఆఫ్ అంటే ఇప్పుడు కాదు, తర్వాత. కాల్ ఆఫ్ అంటే రద్దు, ఇక లేదు. 2020 సంవత్సరం ఈ రెండు మాటలకూ ఎక్కడ లేని పని కల్పించింది. టోక్యో ఒలింపిక్స్ 2020 జూలై 24న మొదలవ్వాలి. వాటిని 2021 జూలై 23కి జరిపారు, పేరు మాత్రం టోక్యో 2020 అనే ఉంచేశారు. అది పుట్ ఆఫ్. అదే ఏడాది వింబుల్డన్ టోర్నీని ఏకంగా రద్దు చేశారు. అది కాల్ ఆఫ్. ప్రపంచ యుద్ధాల వల్ల 1916, 1940, 1944 ఒలింపిక్స్ జరగనే లేదు, వాటికి పుట్ ఆఫ్ అనే మాట కుదరదు. మన ఐపీఎల్ అయితే ఆ ఏడాది మార్చి 29న మొదలవ్వాల్సింది. ముందు ఏప్రిల్ 15 అన్నారు, తర్వాత తేదీ చెప్పకుండా వదిలేశారు, చివరికి సెప్టెంబర్ 19న ఎమిరేట్స్‌లో మొదలుపెట్టారు. ఆ మధ్యలోని స్థితిని "పుట్ ఆఫ్ ఇన్‌డెఫినిట్లీ" అంటారు, మన పత్రికల భాషలో నిరవధిక వాయిదా.

ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి ఎలా వస్తాయో తెలంగాణలో ఆ ఏడాది పదో తరగతి రాసిన పిల్లల్ని అడిగితే చెబుతారు. పరీక్షలు మార్చి 19న మొదలయ్యాయి. కొన్ని పేపర్లు అయ్యాక మిగతావి వాయిదా వేశారు, అప్పుడవి "పుట్ ఆఫ్". జూన్ 8న అసలు పరీక్షలే వద్దని, ఇంటర్నల్ మార్కులతో అందరినీ పాస్ చేస్తున్నామని ప్రకటించారు, అప్పుడవి "కాల్డ్ ఆఫ్". పేపర్ హెడ్డింగుల్లో ఈ తేడా చూడకుండా "ఎగ్జామ్స్ పుట్ ఆఫ్" అన్నదాన్ని రద్దు అనుకుని పుస్తకాలు అటక మీద పడేస్తే కొంప మునుగుతుంది. ఇంగ్లిష్ పేపర్లకు ఈ మాటంటే ఇష్టం ఎందుకంటే చిన్నది, హెడ్డింగులో ఇట్టే ఇమిడిపోతుంది.

ఒకసారి మొదలై మధ్యలో ఆపి మళ్లీ కూర్చుందాం అనేదానికి మాత్రం వేరే మాట ఉంది, అడ్జర్న్. అసెంబ్లీ సమావేశం సాగుతుండగా రేపటికి వాయిదా పడితే అది అడ్జర్న్ అవుతుంది. కోర్టులోనూ కేసుకు వాయిదా అంటే అడ్జర్న్‌మెంటే. తెలుగులో ఇన్నిటికీ "వాయిదా" ఒక్కటే సరిపోతుంది కాబట్టి మనకు ఇంగ్లిష్‌లో ఏది వాడాలో తోచదు. పైగా మనం బ్యాంకు లోను కట్టేదీ వాయిదాల్లోనే. వాయిదా అనేది ఉర్దూ "వాదా" బంధువు, ఫలానా రోజు అని మాట ఇవ్వడం దాని మూలం. మాట ఇవ్వడం కాస్తా మాట జరపడం అయిపోయింది చూడండి, మనవాళ్లు తక్కువవాళ్లా!

వాయిదా అర్థంలో వ్యాకరణం రెండు చోట్ల పట్టుకుంటుంది. మొదటిది, వెనకాల వచ్చే క్రియ. "ఐ పుట్ ఆఫ్ టు గో టు ద డెంటిస్ట్" అని రాస్తుంటారు, అది తప్పు. "ఐ పుట్ ఆఫ్ గోయింగ్ టు ద డెంటిస్ట్" అనాలి. దీనికి మన తెలుగే సాయం చేస్తుంది. తెలుగులో మీరు ఏమంటారు? "పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేశాను" అంటారు. "వెళ్లడానికి వాయిదా వేశాను" అనరు. ఆ "వెళ్లడం" లోని "డం"ని "ఇంగ్"గా మార్చేయండి. వెళ్లడం గోయింగ్, కట్టడం పేయింగ్, చెప్పడం టెల్లింగ్. "వెళ్లడం మానేశాను" అన్నా అంతే, "స్టాప్డ్ గోయింగ్". అయితే దీన్ని అన్నిచోట్లా వాడేయకండి. "వెళ్లడం మర్చిపోయాను" అన్నప్పుడు "ఫర్‌గాట్ టు గో" అనాలి, అక్కడ డం పనిచేయదు. పుట్ ఆఫ్ దగ్గర మాత్రం కళ్లు మూసుకుని నమ్మొచ్చు.

రెండోది మీరు అడిగిన "ఇట్" సంగతి. "పుట్ ఇట్ ఆఫ్" ఒప్పు, "పుట్ ఆఫ్ ఇట్" తప్పు. ఇట్, దెమ్, మీ, హిమ్ లాంటి చిన్న మాటలు ఎప్పుడూ మధ్యలోకి రావాలి. పేరు పెట్టి చెబితే రెండు రకాలూ నడుస్తాయి: "పుట్ ద మీటింగ్ ఆఫ్" అన్నా "పుట్ ఆఫ్ ద మీటింగ్" అన్నా ఎవరూ కాదనరు. ఆ పేరు మరీ పొడవైతే మాత్రం చివర పెట్టడమే మంచిది. ఇంగ్లిష్‌లో ఓ సామెత ఉంది, "నెవర్ పుట్ ఆఫ్ టిల్ టుమారో వాట్ యూ కెన్ డూ టుడే". అంటే, ఇవాళ చేయగలిగింది రేపటికి వాయిదా వేయకు. మన ఆలస్యం అమృతం విషం లాంటిదే. ఇందులో వాయిదా పడే "వాట్ యూ కెన్ డూ టుడే" ఎంత పొడుగుందో చూడండి. దాన్ని పుట్‌కీ ఆఫ్‌కీ మధ్య ఇరికిస్తే వాక్యం చివరికొచ్చేసరికి ఊపిరి ఆడదు, అందుకే చివరికి నెట్టారు.

పుట్‌కి పాస్ట్ టెన్స్‌లో కూడా పుట్టే. "పుట్టెడ్" అనే మాట లేదు. కాబట్టి "ఐ పుట్ ఇట్ ఆఫ్" అంటే ఎప్పుడూ చేస్తుంటాననా, నిన్న చేశాననా అన్నది పక్కనున్న మాటల్ని బట్టే తెలియాలి.

ఇప్పుడు మనుషుల్ని నెట్టే సంగతి. ఇక్కడే ఈ మాటకు అసలు రుచి ఉంది.

"హీ కీప్స్ పుటింగ్ మీ ఆఫ్." తెలుగులో దీన్ని ఎలా చెప్పాలో మీకు నేర్పక్కర్లేదు. డబ్బులు అడిగితే రేపు మాపు అంటున్నాడు, తిప్పించుకుంటున్నాడు, మొహం చాటేస్తున్నాడు. ఇక్కడ వాయిదా పడేది పని అయినా వాక్యంలో నెట్టబడేది మాత్రం మీరు. సాకులు చెప్పి తిప్పితే "విత్" వస్తుంది: "హీ పుట్ మీ ఆఫ్ విత్ సమ్ ఎక్స్‌క్యూజ్". పల్లెల్లో ఒకప్పుడు దయ్యం భయానికి గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్లు గుర్తుందా? రాత్రి వచ్చిన దయ్యం అది చదివి వెనక్కి పోతుంది, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుతుంది. ఈ అర్థానికి అంతకన్నా చక్కటి ఉదాహరణ నాకు ఇంగ్లిష్ పుస్తకాల్లో దొరకలేదు. దయ్యాన్నే పుట్ ఆఫ్ చేసిన జాతి మనది.

ఇక మనసు తప్పించడం. "ద స్మెల్ పుట్ మీ ఆఫ్" అంటే వాసనకే వెగటు పుట్టింది అని. దేని మీద వెగటు పుట్టిందో కూడా చెప్పాలంటే అది ఆఫ్ తర్వాత నేరుగా వచ్చేస్తుంది, మధ్యలో ఇంకో ప్రిపొజిషన్ పెట్టకూడదు. హోటల్ బిర్యానీలో వెంట్రుక వచ్చిందనుకోండి. "దట్ హెయిర్ పుట్ మీ ఆఫ్ బిర్యానీ ఫర్ అ మంత్." ఆ వెంట్రుక దెబ్బకు నెలరోజులు బిర్యానీ మొహం చూడలేదు అని. ఇదే మాటను "పుట్ ఆఫ్ మీ ఫ్రమ్ బిర్యానీ" అని రాసేవాళ్లుంటారు. "మీ" (నన్ను) అనే మాట పుట్‌కీ ఆఫ్‌కీ మధ్యలోకి రావాలి, "ఫ్రమ్" అక్కర్లేదు. క్రియ పెట్టాలంటే మళ్లీ ఇంగే: "ఇట్ పుట్ మీ ఆఫ్ ఈటింగ్ అవుట్". బయట తినాలంటేనే మనసు రాకుండా పోయింది అని.

ఈ అర్థంలో మనసు విరగడం, అసహ్యం లాంటి బరువైన మాటలు తెలుగులోకి తేకండి. పుట్ ఆఫ్ అంత దూరం వెళ్లదు. ముందు కాస్త ఇష్టమో ఆసక్తో ఉంటుంది, ఏదో చూసి, ఏదో విని అది చల్లబడుతుంది. సంబంధం చూడటానికి వెళ్లారు. పిల్లాడు బాగున్నాడు, ఉద్యోగం బాగుంది. టీ కప్పు ఇచ్చిన పనిమనిషిని కసిరాడు. అమ్మాయి ఇంటికొచ్చి "ఎందుకో నచ్చలేదు" అంటుంది. ఇంగ్లిష్‌లో అయితే "ద వే హీ టాక్డ్ టు ద మెయిడ్ పుట్ మీ ఆఫ్" అంటుంది. కోపం లేదు, గొడవ లేదు, మనసు మాత్రం వెనక్కి తగ్గింది. మీ క్లయింట్‌ది సరిగ్గా ఈ స్థితే. అందుకే ఇది సరిదిద్దుకోగలిగే సంగతి అంటున్నాను, టెన్షన్ పడకండి.

దీని నుంచే "ఆఫ్‌పుటింగ్" అనే విశేషణం పుట్టింది. చూశారా, తలకిందులైంది. "పుటింగ్ ఆఫ్" అని రాయకండి, అది వేరే. "హిజ్ మేనర్ ఈజ్ ఆఫ్‌పుటింగ్" అంటే అతని వాలకం చూస్తే దగ్గరికి వెళ్లబుద్ధి కాదు. వెబ్‌సైట్‌లో అడుగడుగునా యాడ్లు మీద పడుతుంటే అదీ ఆఫ్‌పుటింగే. మన "ఎబ్బెట్టు" దీనికి దాదాపు అతికినట్టు సరిపోతుంది.

రివ్యూలు చదివే అలవాటుంటే "డోంట్ బి పుట్ ఆఫ్ బై" అనే ముక్క తరచూ కనిపిస్తుంది. "డోంట్ బి పుట్ ఆఫ్ బై ద షాబీ బోర్డ్, ద ఫుడ్ ఈజ్ ఎక్సలెంట్." బోర్డు చూసి వెనక్కి తిరిగిపోకండి, లోపల భోజనం అద్భుతం అని. రోడ్డు పక్క మెస్‌లకు సగానికి సగం ఇలాంటి రివ్యూనే రాయాలి. ఈ ముక్కను బట్టీ పట్టినా నష్టం లేదు, ఎక్కడైనా పనికొస్తుంది.

ఇంగ్లండ్‌లో మనిషిని నెట్టడానికి ఇంకో వాడుక కూడా ఉంది, ఏకాగ్రత చెడగొట్టడం. బ్యాటింగ్ చేసేవాడికి ఎదురుగా సైట్‌స్క్రీన్ దగ్గర ఎవడో అటూ ఇటూ తిరుగుతుంటే అతను చెయ్యెత్తి బౌలర్ని ఆపుతాడు కదా. "హీ వజ్ పుట్ ఆఫ్ బై ద మూవ్‌మెంట్" అంటారు కామెంటరీలో. ఇంట్లో మీరు లెక్క వేసుకుంటుంటే మీ వెనక నిలబడి తొంగి చూస్తున్నవాడితో "స్టాప్ ఇట్, యూ ఆర్ పుటింగ్ మీ ఆఫ్" అనొచ్చు. ఇక్కడ మనసు పోయింది ఇష్టం మీద నుంచి కాదు, పని మీద నుంచి.

మీకు గుర్తుండాల్సింది పక్కన వచ్చే చిన్న మాట. "టిల్" గానీ "అంటిల్" గానీ వస్తే వాయిదా. "విత్" వస్తే సాకు చెప్పి పంపించడం. "బై" వచ్చి, ముందు మనిషి ఉంటే, ఆ బై తర్వాత ఉన్నదే ఎబ్బెట్టు పుట్టించింది, లేదా ఏకాగ్రత చెడగొట్టింది. "ఐ వజ్ పుట్ ఆఫ్ బై" అని చెవిన పడగానే వెనకాల ఒక ఫిర్యాదు వస్తోందని సిద్ధపడండి. ఆ రోజు కాల్‌లో మీరు "బై ద టోన్" అన్నదగ్గర ఆగి ఉంటే చాలు. స్వరం వల్ల ఏ మీటింగూ వాయిదా పడదు కదా.

వినడంలో కూడా కొంత ఇబ్బంది ఉంది, అది చెప్పకపోతే ఈ సమాధానం సగమే. మనం పుట్, ఆఫ్ అని రెండు ముక్కలుగా పలుకుతాం, గట్టిగా పుట్‌నే పలుకుతాం. వాళ్లు అతికించి "పుటాఫ్" అంటారు, బరువంతా "ఆఫ్" మీద వేస్తారు. "పుట్ ఇట్ ఆఫ్" అయితే "పుటిటాఫ్". అమెరికన్లయితే ఆ ట్‌లు కరిగి డ్‌లలా వినిపిస్తాయి, "పుడిడాఫ్" లాగా. మొదటిసారి విన్నవాడికి ఇదేదో ఊరి పేరులా ఉంటుంది. చెవికి అలవాటు కావాలంటే మీరే నాలుగుసార్లు అలా అతికించి పైకి అనుకోండి. నోటికి వచ్చింది చెవికి త్వరగా అందుతుంది.

దీని పొరుగున "పుట్ అవుట్" ఉంది. దీపం, సిగరెట్, మంట ఆర్పడం అని తెలిసిందే. కానీ "ఐ వజ్ అ బిట్ పుట్ అవుట్" అంటే నొచ్చుకున్నాను అని, పుట్ ఆఫ్ కన్నా ఒక మెట్టు ఎక్కువ. పిలవాల్సిన పెళ్లికి పిలవకపోతే వచ్చే బాధ అది. ఇది కూడా ఇంగ్లండ్ వాడుకే, రేపు ఆవిడే అనొచ్చు.

మనవాళ్లు ఇంట్లో "పుట్ ఆఫ్ ద ఫ్యాన్" అంటుంటారు. ఫ్యాన్‌కి "టర్న్ ఆఫ్" గానీ "స్విచ్ ఆఫ్" గానీ అనండి. "పుట్ ఆన్ ద ఫ్యాన్" నడుస్తుంది కాబట్టి ఆఫ్ కూడా నడవాలనిపిస్తుంది, న్యాయమే, కానీ భాషకు ఆ న్యాయం పట్టదు. పాత ఇంగ్లిష్‌లో పుట్ ఆఫ్‌కి విప్పేయడం అనే అర్థం కూడా ఉండేది. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో మండుతున్న పొద దగ్గర మోషేతో దేవుడు చెప్పులు విడవమంటాడు, అక్కడ ఉన్నది "పుట్ ఆఫ్ దై షూస్" అనే. ఇప్పుడు దానికి "టేక్ ఆఫ్" వచ్చేసింది. చర్చికి వెళ్లేవాళ్లకు ఈ పాత వాడుక చెవిన పడుతుంది కాబట్టి చెప్పాను, మీరు వాడక్కర్లేదు.

ఇంకో చిన్న హెచ్చరిక, తేదీలు జరపడం గురించే. "మీటింగ్ ముందుకు జరిపారు" అంటే మనలో కొందరికి త్వరగా అని, కొందరికి ఇంకా అవతలికి అని. ఇంగ్లిష్‌లో "బ్రింగ్ ఫార్వర్డ్" అంటే ఖచ్చితంగా త్వరగా పెట్టడమే. "పుట్ బ్యాక్", "పుష్ బ్యాక్" అంటే ఆలస్యంగా. మనం వాడే "ప్రీపోన్" ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి కూడా చేరింది, ఇండియాలో నిస్సంకోచంగా వాడండి. లండన్ ఆవిడతో మాత్రం "కెన్ వి బ్రింగ్ ఇట్ ఫార్వర్డ్" అనండి, ఆమె రెండోసారి అడగాల్సిన పని ఉండదు.

మీ తమ్ముడి మెయిల్ సంగతి చివరికి మిగిలింది. పుట్ ఆఫ్ మాట్లాడేటప్పటి మాట. కొలీగ్‌కి, స్నేహితుడికి రాసే మెయిల్లో బాగుంటుంది. అధికారికంగా రాసేటప్పుడు "పోస్ట్‌పోన్", "రీషెడ్యూల్" నయం. యూనివర్సిటీ అడ్మిషన్‌కి ప్రత్యేకంగా ఉన్న మాట "డిఫర్". మన పిల్లలందరి నోళ్లలోనూ నలిగిందే, ఫాల్ నుంచి స్ప్రింగ్‌కి డిఫర్ చేసుకున్నా అంటుంటారు. "ఐ వుడ్ లైక్ టు డిఫర్ మై అడ్మిషన్ ఫ్రమ్ ఫాల్ టు స్ప్రింగ్" అని రాసి, కింద ఒక్క వాక్యంలో కారణం చెప్పి, కొత్త తేదీతో ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఎప్పుడిస్తారో అడగమనండి. "వితౌట్ ఫెయిల్" లేకుండా. మీరు పంపిన డ్రాఫ్ట్‌లో "ఐ యామ్ పుట్ ఆఫ్ ఫ్రమ్ యువర్ యూనివర్సిటీ దిస్ ఫాల్" అని ఉంది. ఆ లైన్ మాత్రం పంపకముందే తీసేయించండి. మీ యూనివర్సిటీ అంటేనే నాకు మనసు పోయింది అన్నట్టు చదువుకుంటారు వాళ్లు.